ఒళ్లు మనది, పలక మనది, లెక్క పుస్తకం ఎవరిది?

మన లెక్క - మన చరిత్ర: 17వ భాగం



మన వాడకు ఎప్పుడూ ఎవరో ఒకరు సర్వేకు వస్తూనే ఉంటారు. ఒకసారి ఆరోగ్యం సర్వే. ఒకసారి బడి సర్వే. ఒకసారి కులం సర్వే. గడప ముందు నిలబడి అడుగుతారు, రాసుకుంటారు, పోతారు. ఆ రాసుకున్న కాగితం ఎటు పోతుంది? ఎవరి బీరువాలో ఉంటుంది? దాంతో ఎవరికి డాక్టరేట్ వస్తుంది, ఎవరికి ఏమీ రాదు? ఈ భాగం మొత్తం ఈ ప్రశ్న మీదే. యూనివర్సిటీల్లో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ఇది మీ పని గురించిన ముచ్చట.

1. ఎడపల్లి నుంచి చూస్తే

మా ఎడపల్లి నిజామాబాద్ నుంచి బోధన్ పోయే తోవలో ఉంటుంది. బోధన్ దిక్కు పోతే శక్కర్‌నగర్, నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఇటు నిజామాబాద్ దాటి హైదరాబాద్ తోవ పడితే డిచ్‌పల్లి. ఈ రెండు కొసల నడుమ చాలా చరిత్ర పరుచుకొని ఉంది.

మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. కాలువ నీళ్లు వచ్చాయి, చెరకు వచ్చింది, 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు మీద పరిశోధనకు రుద్రూర్‌లో ఒక కేంద్రమే ఉంది. ఏ షుగర్ ఫ్యాక్టరీలో అయినా సీజన్‌కు ఎన్ని టన్నులు ఆడింది, చెరకులో చక్కెర ఎంత శాతం దిగింది అన్న లెక్క పక్కాగా ఉంటుంది. మరి ఆ చెరకు కొట్టిన చేతుల లెక్క? ఎవరి వేళ్లు తెగాయి, ఎవరికి నడుము పడిపోయింది, ఎవరి పిల్లలు బడి మానేసి గడ్డలు మోశారు? 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు మెషిన్ల విలువ కట్టినోళ్లు ఉన్నారు. వాడల విలువ కట్టినోళ్లు ఎందరు?

ఏ పరిశోధనకైనా మూడు మెట్లు ఉంటాయి. ఒకటి, ఇచ్చేవాళ్లు: తమ ఒళ్లు, తమ అనుభవం, తమ పిల్లల్ని ఇచ్చేవాళ్లు. రెండు, రాసేవాళ్లు. మూడు, రాసింది దాచేవాళ్లు. మొదటి మెట్టు మీద మనం తరతరాలుగా ఉన్నాం. రెండో మెట్టు ఎక్కడానికి వందేళ్లు కొట్లాడాం, ఇంకా కొట్లాడుతున్నాం. మూడో మెట్టు సంగతి మనం సరిగా మాట్లాడుకోనే లేదు.

పాత ఊరి రివాజు గుర్తు చేసుకోండి. ఊరి లెక్కలన్నీ పట్వారీ దఫ్తరంలో ఉండేవి. సర్కారు దౌరా వస్తే ఆ మూటలూ గంపలూ నెత్తిన మోసింది వెట్టి చేసే మాల మాదిగలే. అందులో ఎవరి భూమి ఎవరి పేరున ఎక్కిందో మోసేవాడికి తెలియదు. లెక్కల బరువు మన నెత్తి మీద, లెక్కల బలం వాళ్ల చేతిలో. కాగితం కంప్యూటర్‌లోకి పోయినా ఆ ఏర్పాటు ఎంత మారిందో మీరే ఆలోచించండి.

2. దోమకు ఒక అణా

మన రాష్ట్రంలో జరిగిన పరిశోధనల్లో లోకమంతా ఎరిగినది మలేరియా మీద జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరు మీద భవనం ఉంది. ఇది అందరికీ తెలుసు.

ఆ దోమ ఎవరి రక్తం తాగింది? ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారు. రాస్ ఆ పేరు రాసిపెట్టాడు కాబట్టి ఈ మాత్రమైనా మనకు తెలిసింది. కానీ హుస్సేన్ ఖాన్ ఏ ఊరివాడు, ఏం పని చేసేవాడు, ఆ తరువాత ఏమయ్యాడు? ఎవరికి అవసరం! దోమ ఏ రోజు కుట్టింది, ఏ రోజు కోసి చూశారు అన్నది అక్షరం పొల్లుపోకుండా ఉంది. మనిషి మాత్రం అణాల లెక్కలో మిగిలాడు.

నేను రాస్‌ను తక్కువ చేయడం లేదు. ఆ పరిశోధన కోట్ల ప్రాణాలు కాపాడే తోవ చూపింది. ఇచ్చినవాడికీ రాసినవాడికీ రికార్డులో దక్కే చోటు మధ్య తేడా ఎంతుందో చూడమంటున్నాను.

3. డిచ్‌పల్లి దవాఖాన

ఇప్పుడు మన జిల్లాకే వద్దాం. కుష్ఠును మన దగ్గర పెద్దరోగం అనేవాళ్లు. పెద్దరోగం వస్తే ఏ కులమోడినైనా ఊరు వెళ్లగొట్టేది. మన కులాల్లో వస్తే ఆ బతుకును రెండు అంటరానితనాలు కలిసి తొక్కేవి. అవతలి బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి కుష్ఠు చట్టం బిచ్చమెత్తే రోగులను పట్టుకొని నిర్బంధించమన్నది. ఆ చట్టం రద్దయింది 2016లో. కుష్ఠు ఉందని విడాకులు ఇవ్వొచ్చన్న నిబంధన పోయింది 2019లో. మందు దొరికిన డెబ్బై ఏళ్లకు!

స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున నిజామాబాద్‌లో పని చేశారు. పెద్దరోగం వచ్చినవాళ్లు ఆమె దగ్గరికి వరుస కట్టారు. నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆస్పత్రి నిలబడింది.

అప్పుడు ఆ రోగానికి ఉన్న మందు అడవి బాదం గింజల నూనె. తాగితే వాంతులు, సూది వేస్తే భరించలేని నొప్పి. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ ఈ నూనెను సూదిమందుగా వాడే పద్ధతులను మెరుగుపరిచారు. మ్యూర్ వైద్యాన్ని ఇసబెల్ కెర్ డిచ్‌పల్లికి తెచ్చింది.

ఇక్కడ మనకు కావలసిన ముచ్చట ఒకటి సముద్రాల అవతల ఉంది. ఇదే జాతి నూనెను ఒంట్లో ఇంకేటట్టు మార్చే రసాయన పద్ధతిని 1915లో హవాయిలో కనిపెట్టింది ఆలిస్ బాల్ అనే నల్లజాతి అమ్మాయి. వయసు 23 ఏళ్లు. మరుసటి ఏడే, 1916లో చనిపోయింది. ఆమె పనిచేసిన కాలేజీ అధ్యక్షుడు ఆర్థర్ డీన్ ఆ పనిని కొనసాగించి, ఆమె పేరు చెప్పకుండా అచ్చు వేసుకున్నాడు. లోకం దాన్ని 'డీన్ పద్ధతి' అన్నది. 1922లో హాల్మన్ అనే డాక్టరు 'ఇది బాల్ పద్ధతి' అని ఒక వ్యాసంలో రాసి పెట్టబట్టి ఆమె పేరు పూర్తిగా చచ్చిపోలేదు. ఆ యూనివర్సిటీ ఆమెను గౌరవించింది 2000 సంవత్సరంలో.

చూడండి. ఆలిస్ బాల్ రెండో మెట్టు ఎక్కింది. రాసింది, కనిపెట్టింది. మూడో మెట్టు ఆమె చేతిలో లేదు. కాగితాలు ఎవరి బల్ల మీద మిగిలాయో, పేరు వాళ్లదే అయింది. ఎనభై ఏళ్ల తరువాత ఆమె పేరు తిరిగి రావడానికి కారణం కూడా ఎక్కడో దాచి ఉన్న ఒక పాత కాగితమే.

డిచ్‌పల్లిలో 1920లలో పనిచేసిన ఇంకో డాక్టరు జాన్ లోవ్. ఇక్కడి నుంచి కలకత్తా పోయాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఆఫ్రికాలో నైజీరియా దేశపు ఉజువాకోలికి పోయాడు. డాప్సోన్ అనే మందును గోళీగా, తక్కువ మోతాదులో, పేదదేశాలకు అందే ధరలో ఇవ్వవచ్చని చూపించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. అడవి బాదం నూనె పోయి డాప్సోన్ గోళీ వచ్చింది. 1981 తరువాత మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చింది. 2005 డిసెంబర్ నాటికి కుష్ఠు దేశంలో పదివేల మందిలో ఒకరికంటే తగ్గిందని కేంద్రం ప్రకటించింది. అంటే ప్రపంచమంతా మింగిన గోళీ వెనుక చరిత్రలో డిచ్‌పల్లి కూడా ఒక మజిలీ. లోవ్ కుష్ఠును దగ్గరి నుంచి చూసి నేర్చుకున్నది ఇక్కడి రోగుల ఒంటి మీదే. వాళ్లలో ఇందూరు, బోధన్ పల్లెల మనుషులు ఉన్నారు.

వాళ్ల మాట ఎక్కడ ఉంది? మిషన్ వాళ్ల ఉత్తరాలు, రిపోర్టులు లండన్‌లో సోయాస్ అనే కాలేజీ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. డాక్టర్ల వ్యాసాలు కుష్ఠు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అవి దాచినందుకు వాళ్లకు దండం పెట్టాలి. కానీ సూది వేయించుకున్న మన ముత్తవ్వ ఏమనుకుంది, ఇంటికి తిరిగి పోతే వాడ రానిచ్చిందా లేదా, ఆమె పిల్లలు ఏం చదివారు? ఈ కాగితాలు లండన్‌లో లేవు, నిజామాబాద్‌లో లేవు. ఎవరూ రాయలేదు. రాయనిది దాచేది ఎక్కడ?

4. కాలమ్ పేరు మార్చినవాడు

అప్పుడే హైదరాబాద్‌లో ఒకాయన ఇదంతా గ్రహించాడు. మాదరి భాగయ్య, మనందరి భాగ్యరెడ్డి వర్మ. 1888లో పుట్టాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి వాడవాడలో హరికథలు చెప్పించాడు. 1911లో మన్య సంఘం. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడై, పంచమ అన్న పేరు వద్దు, మనం ఆది ఆంధ్రులం అని తేల్చాడు.

ఆయన చేసిన రెండు పనులు మన ముచ్చటకు ప్రాణం.

మొదటిది బడి. నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూలోనే. తెలుగు మాట్లాడే మాల, మాదిగ పిల్లకు బడి గడప ఒక గోడ, భాష ఇంకో గోడ. మెదక్, ఇందూరు దిక్కు మిషన్ బడులు మన పిల్లలకు మొదటి పలక ఇచ్చాయి. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ తెలుగులో చెప్పే ఆది హిందూ బడులు తెరిచాడు. అవి 26 దాకా పెరిగాయి, రెండున్నర వేల మంది పిల్లలు చదివారు. పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెప్తేనే చదువు వస్తుందని ఇప్పుడు పెద్ద పెద్ద పరిశోధనలు చెప్తున్నాయి. ఆయన వందేళ్ల కింద చేసి చూపించాడు.

రెండోది జనాభా లెక్క. 1931 జనగణనలో హైదరాబాద్ సంస్థానంలో మనల్ని 'ఆది హిందూ' అని రాసేటట్టు నిజాం సర్కారును ఒప్పించాడు. చిన్న విషయం అనుకోకండి. లెక్క పుస్తకంలో కాలమ్‌కు ఎవరు పేరు పెడతారో, ఆ కాలమ్‌లో ఉన్న మనుషులు ఎవరో వాళ్లే చెప్తారు. తరతరాలు మన పేరు వాళ్లు పెట్టారు. 1931లో మొదటిసారి మన పేరు మనం పెట్టుకుంటే సర్కారు రాసుకుంది. డేటా మీద హక్కు కోసం తెలంగాణలో జరిగిన మొదటి పోరాటాల్లో నేను దీన్ని ఒకటిగా లెక్కపెడతాను.

5. వాళ్ల లెక్కతోనే వాళ్లను నిలదీయడం

జ్యోతిరావ్ ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు ఏం చెప్పాడు? రైతుల, శూద్రుల పన్నుల డబ్బుతో పైకులాల పిల్లలకు పైచదువు చెప్తున్నారు అని. అంబేద్కర్ ఆ వాదాన్ని అంకెల్లోకి తెచ్చాడు. 1916లో కొలంబియా యూనివర్సిటీలో కులం పుట్టుక మీద పేపర్ చదివినప్పుడు ఆయన వయసు 25. 1928లో సైమన్ కమిషన్‌కు బొంబాయి రాష్ట్రంలో అణగారిన వర్గాల చదువు మీద ఇచ్చిన నివేదిక ఎవరైనా తీసి చూడండి. సర్కారు వాళ్ల సొంత రిపోర్టులు, సొంత సంఖ్యలే. వాటినే వరుసగా పేర్చి, మీరు మా పిల్లలకు బడి తలుపు ఎట్లా మూశారో మీ కాగితమే చెప్తున్నది అని చూపించాడు.

ఆయన దాచుకోవడం విలువ కూడా నష్టపోయి తెలుసుకున్నవాడు. 1917లో లండన్ నుంచి తిరిగి వస్తూ పుస్తకాలు, సామాను వేరే ఓడలో పంపితే, జర్మన్ జలాంతర్గామి దాడిలో ఆ ఓడ మునిగింది. తరువాత ఆయన ముంబై దాదర్‌లో రాజగృహ కట్టుకున్నది ప్రధానంగా పుస్తకాల కోసం. వేల పుస్తకాలు ఉన్న ఇల్లు. మన దగ్గర గుండె మీద బాబాసాహెబ్ బ్యాడ్జి ఉన్నంతమంది ఉన్నారు. ఇంట్లో ఒక బీరువా కాగితాలు భద్రంగా ఉన్నవాళ్లు ఎందరు?

ఉన్నాడు, మన తెలంగాణలోనే ఒకాయన ఉన్నాడు. పి.ఆర్. వెంకటస్వామి. హైదరాబాద్ దళిత ఉద్యమంలో తిరిగినవాడు. భాగ్యరెడ్డి వర్మను, అరిగె రామస్వామిని, బి.ఎస్. వెంకటరావును, శ్యాంసుందర్‌ను దగ్గరగా చూసినవాడు. సభల తీర్మానాలు, కరపత్రాలు, ఉత్తరాలు, మనలో మనం పడ్డ పంచాయితీలు, అన్నీ పోగేసి 1955లో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అని రెండు భాగాల పుస్తకం వేశాడు. ఆయన ప్రొఫెసర్ కాదు. గెయిల్ ఆమ్వెట్ లాంటి పెద్ద పరిశోధకులు హైదరాబాద్ దళితుల గురించి రాయాలంటే ఆయన పుస్తకం మీదే ఆధారపడ్డారు. ఆయన దాచకపోతే 1906 నుంచి యాభై ఏళ్ల మన చరిత్ర గాలికి పోయేది. ఈ మధ్య హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని మళ్లీ అచ్చు వేసింది. చదవని విద్యార్థి చదవాలి.

మూడు మెట్లూ ఒకే మనిషి ఎక్కితే ఎట్లా ఉంటుందో వెంకటస్వామి చూపించాడు. అనుభవం ఆయనదే, రాత ఆయనదే, దాచింది ఆయనే.

6. తరగతి గది మీద రెండు పరీక్షలు

ఇక దగ్గరి కాలానికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్లు 180 ఊళ్లలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి కొందరికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తరువాత చూస్తే తెలుగు, లెక్కల్లో ప్రైవేటుకు పోయిన పిల్లలకూ సర్కారు బడిలో మిగిలిన పిల్లలకూ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ప్రైవేటు బడికి ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు. 2015లో ఇది పెద్ద పత్రికలో అచ్చయింది.

ఈ ఒక్క లెక్క నుంచి రెండు వాదాలు పుట్టాయి. చూడండి, ప్రైవేటు బడి అదే చదువును తక్కువ ఖర్చుతో చెప్తున్నది, సర్కారు బడులు ఎందుకు అన్నది ఒక వాదం. ప్రైవేటు బడిలో ఖర్చు తక్కువ ఎందుకంటే అక్కడి టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో చిన్న ముక్క, అంటే నిరుద్యోగులైన మన పిల్లల చవక శ్రమ అన్నది ఇంకో వాదం. మా వాడలో కూలి చేసే తల్లులకు ఇందులో ఇంకో మాట ఉంది: అప్పు చేసి ఫీజు కడుతున్నారే, తెలుగు, లెక్కలకైతే ఆ అప్పు అక్కర లేదని పరిశోధన చెప్తున్నది. ఈ మూడో మాట ఆ తల్లులకు చెప్పింది ఎవరు? అంకెలు తమంతట తాము మాట్లాడవు. మన దిక్కు నుంచి చదివేవాళ్లు లేకపోతే అవి వాళ్ల దిక్కు మాట్లాడతాయి.

రెండోది ఉత్తరప్రదేశ్‌లో జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే 6, 7 తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. 321 మంది పైకులం పిల్లలు, 321 మంది కింది కులం పిల్లలు. కులం బయటపెట్టనప్పుడు ఇద్దరూ సమానంగా విప్పారు. అందరి ముందు పేరుతో పాటు కులం చదివినప్పుడు కింది కులం పిల్లలు విప్పిన పజిళ్లు ఐదో వంతు దాకా తగ్గాయి. తెలివి అదే, చెయ్యి అదే. గదిలో కులం పేరు వినపడ్డది, అంతే. 2006లో అచ్చయిన ఈ పరిశోధన ప్రతి టీచర్ ట్రైనింగ్‌లో చెప్పాలి. అటెండెన్స్ తీసేటప్పుడు 'స్కాలర్‌షిప్పోళ్లు లేవండి' అని నిలబెట్టే ప్రతి గదికీ ఇది జవాబు.

7. వార్డెన్ సంతకం

ఇప్పుడు చెప్పేది బడి, వైద్యం, రికార్డు మూడూ కలిసిన చోటు. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ చేపట్టిన అధ్యయనం అది, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌తో, రాష్ట్ర సర్కారుతో కలిసి. పిల్లల్లో చాలామంది ఆదివాసీలు. ఎందరో ఆశ్రమ హాస్టళ్లలో ఉండి చదివేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవ అయ్యి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా కూడా మంచిదే. క్యాన్సర్ నుంచి కాపాడుతుంది, మన ఆడపిల్లలకు అందాలి. ఎవరూ దీన్ని టీకా వద్దనే మాటగా తిప్పకండి.

తప్పు వేరే చోట ఉంది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన రిపోర్టులో ఒక లెక్క ఉంది. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 ఒప్పుకోలు పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్‌లో, హెడ్‌మాస్టర్లో. కన్నతల్లి బతికి ఉండగా బిడ్డ ఒంటి మీద పరిశోధనకు వార్డెన్ ఒప్పుకోవడం ఏంది? హాస్టల్‌లో వేసినంత మాత్రాన ఆ పిల్ల సర్కారు సొత్తు అవుతుందా?

హుస్సేన్ ఖాన్‌కు కనీసం దోమకు అణా ఇచ్చి, పేరు రాశారు. 112 ఏళ్ల తరువాత మన బిడ్డల తల్లులను అడగనే లేదు. ఆ కాగితాలు దాచి ఉన్నాయి కాబట్టే ఈ తప్పు పట్టుబడింది. ఒప్పుకోలు పత్రాలు కాల్చేసి ఉంటే పార్లమెంటు ఏం లెక్కపెట్టేది? రికార్డు మన మీద ఆయుధం అయినట్టే, మన చేతికి ఆయుధం కూడా అవుతుంది.

ఇప్పుడున్న ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఏం చెప్తున్నాయో ప్రతి విద్యార్థికీ తెలియాలి. పరిశోధన ఎందుకో మనకు తెలిసిన భాషలో చెప్పాలి. వద్దు అనే హక్కు ఉంది. మధ్యలో మానేసే హక్కు ఉంది. సమాచార పత్రం మనకు ఇచ్చి పోవాలి. వాడలో ఈ నాలుగు మాటలు గోడ మీద రాయండి.

8. కోటి ఇళ్ల లెక్క

2014 ఆగస్టు 19న తెలంగాణ అంతా పని బంద్ పెట్టుకొని ఇంట్లో కూర్చుంది. సమగ్ర కుటుంబ సర్వే. దుబాయి నుంచి, ముంబై నుంచి మనోళ్లు చార్జీలు పెట్టుకొని వచ్చారు, పేరు ఎక్కకపోతే రేషన్ పోతదేమోనని. ఆ ఒక్క రోజు లెక్క పూర్తి వివరాలు ప్రజల ముందుకు రాలేదు. చెప్పింది మనం, చూసింది వాళ్లు.

2024 నవంబర్‌లో మళ్లీ ఇంటింటి కుల సర్వే జరిగింది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన లెక్క ప్రకారం ఎస్సీలు 61,84,319 మంది, 17.43 శాతం. అంతకుముందు 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, దానికి వెనుకబాటుతనపు ఆధారాలు, అంటే డేటా కావాలన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా చేసి 1, 9, 5 శాతాల చట్టం అమలులోకి వచ్చింది. వర్గీకరణ మీద మనలో ఎవరి వాదం ఏదైనా కానీ, ఒకటి ఒప్పుకుందాం: ఇక నుంచి ప్రతి కొట్లాట లెక్కల మీదే జరుగుతుంది. రాబోయే జనగణనలో కులం రాస్తామని కేంద్రం కూడా చెప్పింది. ఊరి వారీగా, కులం వారీగా పట్టికలు మనుషుల పేర్లు లేకుండా బయట పెట్టమని ఇప్పటి నుంచే అడగాలి. పేర్లు బయటికి రావద్దు, లెక్క దాగొద్దు. ఈ రెండూ ఒకే హక్కుకు రెండు కొసలు.

9. మరి మనం ఏం చేయాలి?

2006లో తెలంగాణ యూనివర్సిటీ వచ్చింది. ఎక్కడ? అదే డిచ్‌పల్లిలో. మన ముత్తవ్వలు రోగులుగా పోయిన ఊరికి మన పిల్లలు పరిశోధకులుగా పోతున్నారు. ఈ దూరం దాటడానికి తొంభై ఏళ్లు పట్టింది. దాటినవాళ్లందరూ క్షేమంగా లేరన్నది కూడా మరువద్దు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని వదిలి పోయాడు. రెండో మెట్టు మీద మన పిల్లలకు ఎంత ఊపిరాడకుండా చేస్తారో ఆ రోజు దేశం చూసింది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా మాటలు ఇవి.

ఒకటి. మీ పీహెచ్‌డీ మన ఊళ్ల మీద అయితే, తెలుగులో పది పేజీల సారం రాసి ఆ ఊరి బడికి, అంబేద్కర్ సంఘానికి ఇవ్వండి. యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో పెట్టాలి. అక్కడ లక్షల గ్రంథాలు ఉచితంగా ఉన్నాయి. మన జిల్లా మీద ఎవరేం రాశారో వెతకండి, తప్పులుంటే జవాబు రాయండి.

రెండు. షుగర్ ఫ్యాక్టరీ కార్మికులు, చెరకు కొట్టినవాళ్లు, డిచ్‌పల్లి దవాఖానలో ఉండి వచ్చినవాళ్లు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్లు పోకముందే మాటలు రికార్డు చేయండి. అడిగి చేయండి. పెద్దరోగం వచ్చినవాళ్ల పేరు, ముఖం వాళ్లు వద్దంటే బయటపెట్టకండి. వాళ్లు మనకు చేసింది మనం వీళ్లకు చేయొద్దు.

మూడు. రికార్డు చేసింది ఫోన్‌లో పెట్టి దాచినం అనుకోకండి. ఫోన్ నీళ్లల్ల పడితే ఉద్యమం నీళ్లల్ల పడ్డట్టే. నేను రాసే ఈ పోస్టు కూడా దాచినట్టు కాదు, కంపెనీ వాడి సర్వర్లో ఉంది, వాడి దయ. మూడు కాపీలు పెట్టండి. రెండు రకాల వాటిలో పెట్టండి, ఒకటి హార్డ్ డిస్క్, ఒకటి కాగితం. ఒక కాపీ వేరే ఊర్లో ఉంచండి. ప్రతి ఫైల్ మీద తేదీ, ఊరు, మాట్లాడింది ఎవరు, రాసింది ఎవరు అని రాయండి. బాబాసాహెబ్ సామాను ఒక్క ఓడలో పోయింది. మనం రెండో ఓడ కూడా పెట్టుకుందాం.

నాలుగు. సర్వేకు వచ్చినోళ్లను తరమకండి. కూర్చోబెట్టి నీళ్లు ఇవ్వండి. మీరు ఎవరు, ఎవరి పైసలు, ఎవరు దాస్తారు, మాకు ఫలితం ఎప్పుడు చెప్తారు అని నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పేవాళ్లకు సాయం చేయండి. సర్కారు లెక్క అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

దఫ్తరం మూట మోసిన తాతల మనవలం మనం. ఇక మోసేది చాలు. విప్పుదాం, చదువుదాం, మన బీరువాలో మనం దాచుకుందాం.

వచ్చే భాగంలో శక్కర్‌నగర్ కార్మిక వాడల చరిత్ర రాస్తాను. మీ ఇండ్లల్లో పాత జీతం చిట్టీలు, గేటు పాసులు, యూనియన్ కరపత్రాలు ఉంటే పారేయకండి. ఫోటో తీసి పంపండి, అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి.

జై భీమ్.